బెదురు పిల్లి: పద్నాలుగు వారాల లెక్క

ఈ డైరీలో మొదటి రోజుల ముచ్చట్లు లేవు. ఇంట్లోనే ఉండే, చిన్న అలికిడికే ఉలిక్కిపడి మాయమయ్యే పిల్లిని కాస్త స్థిమితపరచడానికి పద్నాలుగు వారాల పాటు చేసిన పని, అందులో బెడిసికొట్టినవి, కొలిచినవి, మార్చినవి మాత్రమే రాస్తున్నాను. ఇటువంటి పిల్లి ఉన్నవారు పనికొచ్చినదాన్ని తీసుకోవచ్చు. రెండో దశలోనూ నాలుగో దశలోనూ నేను చేసిన తప్పులను మాత్రం దయచేసి మళ్ళీ చేయవద్దు.

పిల్లి పేరు బూది. రంగును బట్టి పెట్టిన పేరు. ఆడది, వయసు సుమారు 4 ఏళ్ళు, బరువు 3.8 కిలోలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. మూడేళ్ళు దాటిన తర్వాత మా ఇంటికి వచ్చింది. పిల్లి కూనలు మనుషులకు మచ్చిక కావడానికి అన్నిటికంటే అనువైన కాలం దాదాపు 2 నుంచి 7 వారాల వయసు మధ్య ఉంటుంది. ఆ వారాల్లో బూది ఎక్కడ ఉన్నదో, ఎవరి చేతుల్లో పెరిగిందో చెప్పగలిగినవారు లేరు. అందువల్ల దాన్ని ఒళ్ళో పడుకునే పిల్లిగా మార్చాలని నేను అనుకోలేదు. బెదిరిన తర్వాత మళ్ళీ మామూలు కావడానికి దానికి పట్టే సమయాన్ని తగ్గించాలన్నది ఒక్కటే నేను పెట్టుకున్న పని.

దశ 1: ముందు కొలత (1–2 వారాలు)

మొదట పశువైద్యుడికి చూపించాను. కీళ్ళ నొప్పి, పంటి నొప్పి, అధిక రక్తపోటు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం వంటివి పిల్లిలో బెదురుగానో చిరాకుగానో బయటపడవచ్చు. అంతవరకు నిమ్మళంగా తిరిగిన పిల్లి ఉన్నట్టుండి దాక్కోవడం మొదలుపెడితే దాన్ని ముందు జబ్బుగానే అనుమానించాలి. మూత్రం విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఒత్తిడిలో ఉన్న పిల్లులకు సూక్ష్మజీవుల ప్రమేయం లేకుండానే మూత్రాశయం వాచే జబ్బు వస్తుంది. లిట్టర్ పెట్టెలోకి (పిల్లి మలమూత్రాలకు వాడే ఇసుక తొట్టి) పదేపదే వెళ్ళడం, ముక్కడం, రక్తం కనబడడం దాని గుర్తులు. మగ పిల్లికి మూత్రం పూర్తిగా ఆగిపోతే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది కనుక తెల్లవారేదాకా వేచి చూడకూడదు. బూదికి పరీక్షలన్నీ సవ్యంగానే వచ్చాయి. వచ్చేటప్పుడు వైద్యుడు, "ఎంత భయపడిందో రాయకండి. ఏం చేసిందో, ఎంతసేపు చేసిందో రాయండి" అన్నారు. పద్నాలుగు వారాల లెక్క అంతా ఆ మాట మీదే నడిచింది.

పరికరాలు తక్కువే. తలుపు గొళ్ళేనికి దారంతో వేలాడదీసిన నోటు పుస్తకం, కెమెరాగా వాడిన పాత ఫోను, శబ్దాన్ని కొలిచే యాప్ ఉన్న ఇంకొక ఫోను. యాప్ చూపే డెసిబెల్ అంకెలు అసలు కొలతతో సరిపోకపోవచ్చు. అదే ఫోనును ప్రతిసారీ అదే చోట పెట్టి పోల్చుకోవడానికి అవి చాలు.

లెక్కకు పెట్టుకున్న కట్టుబాట్లు:

1. ఒళ్ళు ఒక్కసారిగా నేలకు అణిగినా, ఉన్నచోటి నుంచి మీటరుకు మించి పరుగెత్తినా ఒక ఉలికిపాటు. చెవి తిప్పి చూడడం లెక్కలోకి రాదు.
2. కనుమరుగైన క్షణం నుంచి నాలుగు కాళ్ళూ బయట పెట్టే క్షణం వరకు దాగిన సమయం. ముఖం మాత్రమే బయట పెడితే గడియారం ఆపకూడదు.
3. కారణం కళ్ళారా చూసినప్పుడే రాయాలి, ఊహించి రాయకూడదు. తెలియనిది "తెలియదు" గడిలోకి పోతుంది.
4. రోజుకు మూడుసార్లు భంగిమను 1 నుంచి 7 వరకు ఒక అంకెతో గుర్తించాలి. ఈ ఏడు మెట్ల కొలబద్దను 1997లో కెస్లర్, టర్నర్ అనే పరిశోధకులు ప్రచురించారు. 1 అంటే పూర్తిగా సేదదీరిన పిల్లి, 7 అంటే భయంతో కొయ్యబారిన పిల్లి.

మొదటి 14 రోజుల లెక్క: 121 ఉలికిపాట్లు. ఒక్కోసారి దాగిన సమయం సగటున 38 నిమిషాలు. మొత్తం 4,598 నిమిషాలు, అంటే 76 గంటల పైచిలుకు.

కారణాల వారీగా కాలింగ్ బెల్, తలుపు దగ్గరి మనుషులు 31; నేను లేవడం, నడవడం 29; వంటగదిలో లోహపు చప్పుళ్ళు 27; కుర్చీలు, తలుపులు 22; తెలియనివి 12.

రెండో అంకెను నేను నమ్మలేదు. నేను మెత్తగా నడుస్తానని, గొంతు పెంచనని నాకు గట్టి నమ్మకం. వీడియోలను మా తమ్ముడి చేత చూపించాను. అతను మూడు చూసి, "అక్కా, నువ్వు కుర్చీలోంచి లేచే ముందు ప్రతిసారీ రెండు చేతులతో మోకాళ్ళ మీద చరుచుకుంటావు. దానికి అదే బెల్లు" అన్నాడు. మళ్ళీ చూశాను. చేతులు గాలిలోకి లేచేసరికే పిల్లి చెవులు వెనక్కి వాలుతున్నాయి, మోకాలి మీద చప్పుడు పడే సరికి సోఫా మీద పిల్లి లేదు. ఎన్నేళ్ళ అలవాటో నాకే తెలియదు. ఈ సంగతిని పుస్తకంలో రాసుకుని కూడా వెంటనే దాని మీద పని చేయకపోవడం, పెట్టెల మీద, చెక్కల మీద పడిపోవడం నా మొదటి తప్పు. ఏదైనా వస్తువు తయారు చేస్తుంటే పని చేస్తున్నట్టు అనిపిస్తుంది, అంతే.

దశ 2: దాక్కునే పెట్టె, మూసేసిన మంచం (3–4 వారాలు)

పిల్లి దాక్కోవడం జబ్బు కాదు, అది దాని మందు. నెదర్లాండ్స్‌లోని ఒక ఆశ్రయ కేంద్రంలో కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నిటికి దాక్కునే పెట్టె ఇచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా గమనించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, పెట్టె ఉన్నవి త్వరగా తేరుకున్నాయి. అది చదివి నేను 45 × 35 × 30 సెంటీమీటర్ల అట్టపెట్టెకు ఒక వైపు ద్వారం కోసి, లోపల గుడ్డ పరిచి, గది మూలలో పెట్టాను. నాలుగు రోజుల్లో పిల్లి అందులోకి వెళ్ళినది సున్నా సార్లు.

అది మంచం కిందికే పోతూ ఉండడం చూసి, కొత్త పెట్టె అలవాటు కావాలంటే పాత చోటు ఉండకూడదని తీర్మానించి, మంచం కింద సందును దిండ్లతో, పుస్తకాల పెట్టెలతో మూసేశాను. ఈ పద్నాలుగు వారాల్లో నేను చేసిన అతి చెడ్డ పని ఇది. ఆ సాయంత్రం కుర్చీ జరిగిన చప్పుడుకు బూది మంచం వైపు పరుగెత్తి, దిండుకు తగిలి, వెనక్కి తిరిగి, రెండోసారి అదే చోట ప్రయత్నించి, చివరికి ఫ్రిజ్ వెనక వైర్ల మధ్యకు దూరింది. అక్కడ 9 గంటలు ఉన్నది. మొత్తం 20 గంటలు ఏమీ తినలేదు. పిల్లి ఒక రోజంతా తినకపోతే వైద్యుడికి ఫోను చేయాలి. తిండి లేకుండా రోజులు గడిస్తే కాలేయంలో కొవ్వు పేరుకునే ప్రమాదకరమైన స్థితి వస్తుంది, లావుగా ఉన్న పిల్లుల్లో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. నేను దిండ్లు తీసేసిన గంటకు అది మంచం కిందికి చేరింది. మరుసటి ఉదయం తిన్నది.

పెట్టెలో ఉన్న లోపాలు ఆ తర్వాత ఒక్కొక్కటిగా కనబడ్డాయి. ద్వారం ఒక్కటే కావడం వల్ల ఎదురుగా ఎవరైనా నిలబడితే లోపలి పిల్లికి దారి ఉండదు. మూల గోడకు అవతల వాషింగ్ మెషీన్ ఉన్నది. గదిలోకి వచ్చేవారు అక్కడి నుంచి కనబడరు, అడుగులు మాత్రం వినబడతాయి. చూడలేని చోటు నుంచి వినబడే చప్పుడు కంటే పిల్లికి బెదురు పుట్టించేది లేదని నా లెక్కల్లో తర్వాత కూడా తేలింది.

మార్చినవి:

1. పెట్టెను మంచానికి ఆనించి పెట్టి, మంచం కింద సందు నుంచి నేరుగా పెట్టెలోకి వెళ్ళేలా ఒక ద్వారం కోశాను. పాత చోటు ఉండగానే కొత్త చోటు దానికి పక్కగది అయింది.
2. రెండో ద్వారం పక్క గోడకు కోశాను. రెండు ద్వారాలూ 18 సెంటీమీటర్ల వెడల్పు.
3. గది తలుపు కనబడేలా 4 సెంటీమీటర్ల చిన్న కిటికీ కోశాను. అన్నిటికంటే తక్కువ శ్రమ పడినది దీనికే, అన్నిటికంటే ఎక్కువ పని చేసినదీ ఇదే.
4. నేను ఎన్నడూ ఆ పెట్టెలో చేయి పెట్టకూడదని, ఎవరినీ పెట్టనివ్వకూడదని ఇంట్లో నియమం.

3–4 వారాల లెక్క: 139 ఉలికిపాట్లు, సగటు 52 నిమిషాలు, మొత్తం 7,228 నిమిషాలు. ఏమీ చేయకుండా కూర్చున్న మొదటి రెండు వారాలకంటే ఇది బాగా అధ్వానం. మొదటి నుంచి కలిపి 260.

దశ 3: ఎత్తైన దారి (5–6 వారాలు)

గోడకు మూడు చెక్క అరలు బిగించాను. నేల నుంచి 60, 105, 150 సెంటీమీటర్ల ఎత్తులో, ఒకదానికొకటి కాస్త పక్కకు జరిపి మెట్లలా. పొడవు 60, వెడల్పు 20 సెంటీమీటర్లు. 20 తప్పు. పిల్లి దాని మీద నిలబడగలదు గాని ఒళ్ళు ముడుచుకుని కూర్చోలేదు, వెనక్కి తిరగలేదు. రెండో అర ఒక కొస చేత్తో నొక్కితే సుమారు 4 మిల్లీమీటర్లు దిగేది. నాలుగు మిల్లీమీటర్లే కదా అనుకున్నాను. బూది మూడో రోజు రాత్రి రెండో అర మీదికి దూకింది. వీడియోలో చెక్క కదలడం కనబడదు, ముందు కాళ్ళ గోళ్ళు బయటికి రావడం కనబడుతుంది. వెంటనే దిగిపోయింది. ఆరు రోజులు అటు వైపు చూడలేదు.

తిరిగి బిగించేటప్పుడు ఒక్కో అరకు రెండు బ్రాకెట్ల బదులు మూడు వేశాను, వెడల్పు 30 సెంటీమీటర్లకు పెంచాను, జారకుండా పైన పలుచని కార్పెట్ ముక్క అంటించాను. నీళ్ళు నింపిన డబ్బాలతో 15 కిలోల బరువు పెట్టి ఒక రాత్రి ఉంచి, కదలిక లేదని చూశాకే వదిలాను. 3.8 కిలోల పిల్లి దూకి వాలినప్పుడు చెక్క మీద పడే బలం దాని బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. పై అర ఏ మూల గోడకూ తగిలి ఆగిపోకుండా, అల్మారా మీదుగా అవతలికి దిగే దారి పెట్టాను. పెట్టెతో నేర్చుకున్న పాఠం ఇక్కడ పనికి వచ్చింది.

ఈ వారాల్లోనే ఇంకొక చిన్న పొరపాటు. పెట్టెలోని గుడ్డ మాసిందని సువాసన ఉన్న సబ్బు పొడితో ఉతికి పరిచాను. మూడు రోజులు పెట్టె ఖాళీ. పిల్లులు బుగ్గల దగ్గరి గ్రంథుల వాసనను వస్తువులకు రుద్ది ఆ చోటును తమదిగా చేసుకుంటాయి. నేను ఆ వాసన మొత్తాన్ని కడిగి, పైగా పూల వాసన పూసి పెట్టాను. ఇప్పుడు రెండు గుడ్డలు ఉన్నాయి. ఒకటి ఉతికినప్పుడు రెండోది లోపలే ఉంటుంది, సబ్బుకు వాసన ఉండదు. పనిలో పనిగా చెబుతున్నాను, మనసుకు హాయినిస్తాయని గదిలో సుగంధ తైలాలు ఆవిరి పట్టడం పిల్లి ఉన్న ఇంట్లో వద్దు. వాటిలోని చాలా రసాయనాలను విడగొట్టే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. టీ ట్రీ నూనె విషమే అవుతుంది.

5–6 వారాల లెక్క: 112 ఉలికిపాట్లు, సగటు 23 నిమిషాలు, మొత్తం 2,576 నిమిషాలు. కలిపి 372. ఉలికిపాట్లు పెద్దగా తగ్గలేదు, తేరుకునే సమయం తగ్గింది. దాక్కునే చోటు మెరుగుపడితే ముందుగా కదిలేది ఈ రెండో అంకే.

దశ 4: చప్పుళ్ళకు అలవాటు చేయబోయి (7–8 వారాలు)

పద్ధతి అందరికీ తెలిసినదే. భయపెట్టే చప్పుడును చాలా మెల్లగా వినిపిస్తూ, దానికి ఇష్టమైన తిండిని జతచేస్తూ, కొంచెం కొంచెంగా స్థాయిని పెంచడం. నేను కాలింగ్ బెల్‌ను ఫోనులో రికార్డు చేసి, 55 డెసిబెల్ దగ్గర మొదలుపెట్టాను. పిల్లి కూర్చునే చోట అసలు బెల్ 71 చూపుతోంది కనుక 55 చాలా తక్కువేనని నా అంచనా. మొదటి చప్పుడుకే పరుగు. రెండో రోజు 50. మళ్ళీ పరుగు. నాలుగో రోజుకు నేను ఆ ఫోనును చేతిలోకి తీసుకుంటేనే పరుగు.

అంతకంటే ఘోరం తిండి డబ్బా విషయంలో జరిగింది. నేను ముందు డబ్బా మూత తీసి, ఒక ముక్క వేసి, పిల్లి తింటూ ఉండగా చప్పుడు వినిపిస్తున్నాను. తిండిలో పడి చప్పుడును పట్టించుకోదని నా తర్కం. పిల్లి లెక్కలో మాత్రం మూత చప్పుడు వచ్చిందంటే కాసేపటికి ఆ బెల్ మోగబోతున్నదని అర్థం. ఆరో రోజు మూత తీయగానే బూది లేచి మంచం కిందికి వెళ్ళిపోయింది. అంతవరకు ఇంట్లో దాన్ని పరుగెత్తించి నా వైపు తీసుకువచ్చే చప్పుడు అదొక్కటే. దాన్ని కూడా నేనే పాడుచేశాను. ఆ డబ్బాను పక్కన పెట్టి, మూత లేని గాజు గిన్నెలో ముక్కలు ఉంచడం మొదలుపెట్టాక కూడా పూర్వపు నమ్మకం రావడానికి పన్నెండు రోజులు పట్టింది.

రికార్డింగు మీద ఇంకొక మాట. మనిషి చెవి సుమారు 20 కిలోహెర్ట్జ్ వరకు వింటుంది, పిల్లి చెవి సుమారు 85 వరకు. 48 కిలోహెర్ట్జ్ నమూనా రేటుతో, అంటే సెకనుకు 48,000 సార్లు శబ్దాన్ని కొలిచి చేసిన రికార్డింగులో, అందులో సగమైన 24 కిలోహెర్ట్జ్‌కు పైనున్నది ఏదీ నిలవదు. అందువల్ల నాకు ఒకేలా వినిపించే బెల్, దాని రికార్డింగు పిల్లికి రెండు వేర్వేరు చప్పుళ్ళు కావచ్చు. రికార్డింగుకు అలవాటు పడితే సగం దూరం వచ్చినట్టే గాని ఇల్లు చేరినట్టు కాదు.

7–8 వారాల లెక్క: 126 ఉలికిపాట్లు, సగటు 27 నిమిషాలు, మొత్తం 3,402 నిమిషాలు. కలిపి 498. రెండు అంకెలూ మళ్ళీ పెరిగాయి.

దశ 5: చప్పుడునే తగ్గించడం, నన్ను నేను మార్చుకోవడం (9–10 వారాలు)

చప్పుడుకు పిల్లిని అలవాటు చేసేలోగా చప్పుడునే తగ్గించవచ్చన్న సంగతి నాకు ఎనిమిది వారాల పాటు తట్టలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల్లో ముగిసిన పని ఇది:

1. కాలింగ్ బెల్ మూత విప్పి, మోగే రేకు వెనక ఫోమ్ ముక్క అంటించాను. పిల్లి చోట 71 నుంచి 58 డెసిబెల్‌కు దిగింది.
2. కుర్చీ కాళ్ళకు మందపాటి ఫెల్ట్ బిళ్ళలు. 66 నుంచి 49.
3. తలుపు చట్రానికి రబ్బరు పట్టీ.
4. వంటగదిలో గిన్నెలు బోర్లించే గట్టు మీద మెత్తని చాప. ఇది తడిసి వాసన వచ్చి వారంలో తీసేయాల్సి వచ్చింది, ఇప్పుడు గట్టి రబ్బరు చాప ఉన్నది.

చప్పుళ్ళ అభ్యాసాన్ని కొత్తగా, ఈ వరుసలో మొదలుపెట్టాను:

1. గది నిశ్శబ్దంగా ఉన్నప్పటి స్థాయి కొలవాలి. మాకు 34 డెసిబెల్.
2. పిల్లి చెవి తిప్పుతుంది గాని చేస్తున్న పని ఆపదు అనే స్థాయిని కింది నుంచి వెతకాలి. బూదికి 39. నేను మొదట పెట్టిన 55 ఎంత అన్యాయమో దీన్ని బట్టి తెలుస్తుంది.
3. ముందు చప్పుడు, ఒక సెకను విరామం, తర్వాత తిండి ముక్క. ఈ వరుస ఎన్నడూ తిరగబడకూడదు.
4. విడతకు 5 చప్పుళ్ళు. మధ్య విరామం 40 సెకన్ల నుంచి 2 నిమిషాల వరకు మారుతూ ఉండాలి.
5. వరుసగా 3 విడతల్లో పని ఆపకపోతే 2 డెసిబెల్ పెంచాలి. ఒక్కసారి ఉలిక్కిపడినా రెండు మెట్లు దిగి, ఆ రోజుకు ఆపేయాలి.

ఇక నా సంగతి. మోకాళ్ళ మీద చరుచుకోవడం మానడానికి కుర్చీ చేతుల మీద రెండు ఎర్ర పట్టీలు అంటించుకున్నాను, లేవాలంటే వాటిని పట్టుకోవాలి. లేచే ముందు ప్రతిసారీ ఒకే మాట, ఒకే గొంతుతో, "లేస్తున్నా" అని చెప్పి, రెండు సెకన్లు ఆగి లేచాను. మొదట్లో ఇంట్లోవాళ్ళు నవ్వారు. ఆ తర్వాత వాళ్ళు కూడా అనడం మొదలుపెట్టారు. పిల్లి వైపు నేరుగా నడవడం మాని, దాని పక్కగా, చూపు వేరేవైపు పెట్టి నడిచాను. కళ్ళు సగం మూసి నెమ్మదిగా తెరవడం మనిషి చేస్తే పిల్లులు కూడా అలాగే స్పందించడం ఎక్కువవుతుందని, అటువంటి మనిషి చేయి చాచితే దగ్గరికి రావడానికి మొగ్గు చూపుతాయని బ్రిటన్‌లోని సస్సెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ప్రచురించారు. నేను దీన్ని రోజుకు రెండుసార్లు, మూడు మీటర్ల దూరం నుంచి చేశాను. మొదటి స్పందన తొమ్మిదో రోజున వచ్చింది.

నిమరడానికి నియమం: అది వచ్చి రాసుకుంటేనే, బుగ్గ మీదో గడ్డం కిందో మూడు సెకన్లు నిమిరి చేయి తీసేయడం. మళ్ళీ తల ఆనిస్తే ఇంకొక మూడు. తోక మొదలు, పొట్ట జోలికి పోలేదు. మూడు సెకన్ల తర్వాత చేయి తీయడం నాకు చాలా కష్టమయింది, పిల్లికి కాదు.

ఆట గురించి ఎక్కువ రాయను. పిల్లులు తెల్లవారుజామున, సంధ్య వేళ చురుకుగా ఉంటాయి. ఆ రెండు వేళల్లో కర్రకు కట్టిన ఈకతో పది నిమిషాలు ఆడించి, చివరిసారి పట్టుకోనిచ్చి, వెంటనే భోజనం పెట్టాను. లేజర్ చుక్కను పట్టుకునే వీలు ఉండదు కనుక రెండు రోజుల్లో మానేశాను.

9–10 వారాల లెక్క: 78 ఉలికిపాట్లు, సగటు 16 నిమిషాలు, మొత్తం 1,248 నిమిషాలు. కలిపి 576.

ఈ అంకెల మీద ఒక మచ్చ ఉన్నది. పిల్లి బుగ్గల వాసనను పోలిన ఫెరోమోన్‌ను గాలిలోకి వదిలే పరికరాన్ని కూడా నేను తొమ్మిదో వారంలోనే ప్లగ్‌కు తగిలించాను. వాటి మీద జరిగిన అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. నా లెక్క కూడా ఆ వివాదాన్ని తేల్చలేదు, ఎందుకంటే ఫెల్ట్ బిళ్ళలు, ఎర్ర పట్టీలు, పరికరం అన్నీ ఒకే వారంలో పడ్డాయి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలని పుస్తకం మొదటి పేజీలో నేనే రాసుకున్నాను. పదమూడో వారంలో పరికరంలోని ఫెరోమోన్ సీసా అయిపోయాక మళ్ళీ కొనలేదు, అంకెలు పెరగలేదు. అంతకుమించి దాని గురించి ఏమీ చెప్పలేను.

దశ 6: పై అంతస్తులో డ్రిల్లింగు (11–12 వారాలు)

పై ఇంట్లో గోడలు కొట్టి మరమ్మతు చేస్తామని రెండు రోజుల ముందే చెప్పారు. అంత వ్యవధి దొరకడం మా అదృష్టం. లోపలి గదిలో పెట్టెను, ఉతకని గుడ్డను, నీళ్ళను, లిట్టర్ పెట్టెను వేర్వేరు మూలల్లో ఉంచి, ఫ్యాన్ హోరు ఆగకుండా పెట్టి, తలుపు మాత్రం వెయ్యకుండా వదిలాను. ఎక్కడ ఉండాలో అదే ఎంచుకోవాలి. డ్రిల్లింగు జరుగుతున్న గంటల్లో అభ్యాసం, ఆట, పలకరింపు అన్నీ ఆపేశాను. మొదటి రోజు అది ఆ గదిలోకి పోకుండా మంచం కిందే ఉన్నది. రెండో రోజు తనంతట తనే మారింది.

డ్రిల్లింగు సాగిన మూడు రోజుల్లోనే 38 ఉలికిపాట్లు, 1,130 నిమిషాలు. మిగిలిన 11 రోజుల్లో 45, 613 నిమిషాలు. డ్రిల్లింగు రోజులను తీసేసి చూపితే పురోగతి అందంగా కనబడుతుంది, కాని ఇళ్ళలో డ్రిల్లింగులు జరుగుతూనే ఉంటాయి, అందుకే రెండూ రాశాను. నాలుగో రోజు సాయంత్రం అది మొదటి అర మీదికి ఎక్కి కూర్చుంది. మూడో వారంలో ఒక మూత కింద పడితే ఆ రాత్రంతా రాని పిల్లి ఇది.

11–12 వారాల లెక్క: 83 ఉలికిపాట్లు, సగటు 21 నిమిషాలు, మొత్తం 1,743 నిమిషాలు. కలిపి 659.

దశ 7: చివరి కొలత, క్యారియర్ మొదలు (13–14 వారాలు)

13–14 వారాల లెక్క: 47 ఉలికిపాట్లు, సగటు 9 నిమిషాలు, మొత్తం 423 నిమిషాలు, అంటే 7 గంటల 3 నిమిషాలు. మొదటి రెండు వారాల్లో ఇది 76 గంటలు. పద్నాలుగు వారాల మొత్తం 706. రోజువారీ భంగిమ అంకె తొలి వారాల్లో ఎక్కువగా 4 లేదా 5 ఉండేది, ఇప్పుడు ఎక్కువగా 2 లేదా 3.

కారణాలు: బెల్, తలుపు 11 (అప్పట్లో 31). నేను 6 (29). లోహపు చప్పుళ్ళు 9 (27). కుర్చీలు, తలుపులు 5 (22). తెలియనివి 16 (12). చివరిది ఒక్కటే పెరిగింది. పెద్ద చప్పుళ్ళు తగ్గాక చిన్నవి బయటపడుతున్నాయని ఒక అనుమానం. రాత్రి ఫోను ఛార్జర్ ప్లగ్‌లో ఉన్న గదిలోనే వాటిలో 7 జరిగాయి కనుక ఛార్జర్ చేసే, నాకు వినబడని సన్నని కూత ఏమైనా ఉన్నదేమోనని ఇంకొక అనుమానం. ఛార్జర్‌ను పదిహేనో వారం ఏడు రోజులు ఆ గదిలోంచి తీసేసి, ఏడు రోజులు తిరిగి పెట్టి చూస్తాను. ఆ పద్నాలుగు రోజులు వేరే ఏదీ మార్చను.

రికార్డు చేసిన బెల్‌తో అభ్యాసం 41 విడతలు, 205 చప్పుళ్ళు పూర్తయ్యాయి. 39 నుంచి 53 డెసిబెల్‌కు చేరాము. ఫోమ్ పెట్టిన అసలు బెల్ 58.

క్యారియర్ (పిల్లిని బయటికి తీసుకువెళ్ళే మూత పెట్టె) పని ఇప్పుడే మొదలయింది. ఇంతకాలం దాన్ని అటక మీద దాచి, వైద్యుడి దగ్గరికి వెళ్ళే రోజు మాత్రమే దించడం వల్ల, అటక తలుపు కిర్రుమంటే చాలు బూదికి విషయం అర్థమయ్యేది. పై మూత, తలుపు ఊడదీసి, కింది తొట్టిని మాత్రం దాని పాత గుడ్డతో పెట్టెకు మీటరు దూరంలో నేల మీద ఉంచాను. ఈలోగా తప్పనిసరి ప్రయాణం వస్తే ముందుగా ఇవ్వదగిన మందులు ఉన్నాయని, మోతాదు తానే నిర్ణయిస్తానని వైద్యుడు చెప్పారు. ఆ నిర్ణయం ఆయనదే. మనుషుల మాత్రలు, ముఖ్యంగా పారాసిటమాల్, పిల్లికి చావు తెచ్చిపెడతాయి.

మొదటి ఎనిమిది రోజులు తొట్టి చుట్టూ తిరిగి వెళ్ళింది. తొమ్మిదో రోజు అంచును వాసన చూసి బుగ్గ రుద్దింది. పదకొండో రోజు రాత్రి 2 గంటల 40 నిమిషాలకు కెమెరాలో, ముందు కాళ్ళు రెండూ తొట్టిలో, వెనక కాళ్ళు రెండూ నేల మీద ఉంచి, గుడ్డ మీద ముక్కు పెట్టి పదిహేడు సెకన్లు నిలబడింది. నా కట్టుబాటు ప్రకారం నాలుగు కాళ్ళూ లోపల పెట్టలేదు కనుక ఆ రోజు గడిలో సున్నా వేశాను.